ఇంకేమైనా, అక్కా?

"ఆ గరిటె ఇలా ఇచ్చి అవతలికి నడు," అంది అత్తగారు.

పెద్దకోడలు ఇవ్వలేదు. గరిటె పట్టుకున్న వేళ్ళు ఎర్రగా కంది, కణుపుల దగ్గర పగిలి ఉన్నాయి. ఒకచోట నీరు కారుతోంది. అయినా సరే, పదకొండేళ్ళుగా ఆ వంటింట్లో తన చెయ్యి పడకుండా పొయ్యి వెలిగింది లేదు.

"తగ్గిపోతుంది లెండి అత్తయ్యా."

"నెల నుంచీ తగ్గిపోతూనే ఉంది. నాకు ముద్ద దిగట్లేదు తల్లీ. ఆ చేతులు మానేదాకా వంట చిన్నది చూసుకుంటుంది. మొన్నమొన్నటిదాకా దానివీ ఇలాగే ఉండేవి, ఇప్పుడు చూడు."

చిన్నకోడలు వచ్చి గరిటె అందుకుంది. తమలపాకుల్లాంటి చేతులు. "డాక్టరమ్మ చూశాక తగ్గాయి అత్తయ్యా. అక్కను కూడా రేపు తీసుకెళ్తాను."

పెద్దకోడలికి చేతుల్లో మంట కంటే కడుపులో మంట ఎక్కువైంది. డాక్టరమ్మట! ఎవరి చెవిలో పువ్వులు పెడుతుంది? అసలు రహస్యం చిన్నకోడలి గదిలో, అద్దం ముందు, నీలం గాజు డబ్బాలో ఉంది. మరిది పెళ్ళిరోజుకి తెచ్చిచ్చిన చేతుల క్రీము. మూత తీస్తే గదంతా పూలతోటే. తన మొగుడు పెళ్ళిరోజున పెందలాడే ఇంటికొస్తే అదే పెద్ద కానుక.

మధ్యాహ్నం చిన్నకోడలు బట్టలు ఆరేయడానికి మేడెక్కగానే పెద్దకోడలు ఆ గదిలో దూరింది. పది రోజులుగా అలవాటైన పనే. వేలితో తీసి, గుంట కనబడకుండా చెంచా వెనకవైపుతో పైన నున్నగా సర్దింది. పూసుకోగానే చుర్రుమంది. మందన్నాక మండదూ అనుకుని, ఇంకో వేలికి సరిపడా తీసింది.

మర్నాడు డాక్టరమ్మ ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది.

"ఎగ్జిమా. అంటుకునేది కాదు, భయపడకండి. కొందరి చర్మం పుట్టుకతోనే పొడి. సందులున్న గోడలాంటిది. ఆ సందుల్లోంచి దూరి రెచ్చగొట్టేవి బయట ఉంటాయి. ఒకరికి సబ్బు, ఒకరికి ఉన్ని, ఒకరికి చెమట, ఇంకొకరికి మనసులో బెంగ. మీకేది పడట్లేదో మనమే కనిపెట్టాలి. రెండు వారాలు చేతికి తగిలిన ప్రతిదీ ఒక పుస్తకంలో రాయండి. ఏదీ దాచకూడదు."

"ఈ వేళ్ళతో కలం ఎక్కడ పడతారు? అక్క చెబుతారు, నేను రాస్తాను," అంది చిన్నకోడలు.

సాయంత్రం కాగానే భోజనాల బల్ల దగ్గర అదే పని. గిన్నెల సబ్బు, టమాటా, వెల్లుల్లి పొట్టు, ఇనుప పీచు, న్యూస్ పేపరు.

"అత్తయ్య సణుగుడు కూడా రాయనా?"

"రాయి. బెంగ కూడా రాయమందిగా."

ఇద్దరూ నవ్వబోయారు. అంతలో పెద్దకోడలి చూపు కలం పట్టుకున్న వేళ్ళ మీద పడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఇంకేమైనా, అక్కా?"

"ఇంకేం లేదు."

గిన్నెలు తోమేటప్పుడు చేతులకి రబ్బరు తొడుగులు వచ్చాయి. సబ్బు మారింది. వంటింట్లో ఉప్పు డబ్బా కింది అరలోంచి పై అరలోకి ఎక్కింది. తన వంటింట్లో తనే ఉప్పెక్కడుందని అడగాల్సి వచ్చింది పెద్దకోడలికి. అది కూడా ఓర్చుకునేదే. ఒకరోజు భోజనాల దగ్గర తన మొగుడు చిన్నకోడలి ముందుకు కంచం జరిపి, "ఇంకాస్త వెయ్యమ్మా, బాగా కుదిరింది," అన్నాడు. పదకొండేళ్ళలో తనను ఒక్కనాడూ అలా అడిగిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం నీలం డబ్బాలోంచి చెంచాతోనే తీసింది. మణికట్ల దాకా పట్టించింది.

"ఇంకేమైనా, అక్కా?" అంది సాయంత్రం చిన్నకోడలు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"చెప్పానుగా, లేదని."

రెండు వారాలు తిరిగేసరికి ఎరుపు మణికట్లు దాటింది. డాక్టరమ్మ పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదివింది.

"సబ్బు మార్చారు. తొడుగులు వేసుకుంటున్నారు. టమాటా ముట్టుకోవడమే మానేశారు. ఈపాటికి మంట ఆరాలి. ఆరలేదంటే ఎవరో రోజూ పుల్ల ఎగదోస్తున్నారన్నమాట. ఇందులో రాయనిది ఏదో ఉంది. బాగా ఆలోచించండి."

పెద్దకోడలు గోడ మీది కాలెండరు వైపు చూసింది. పక్కనే చిన్నకోడలు. ఏమని చెబుతుంది? "ఏం లేదండీ. అన్నీ రాయించాను."

డాక్టరమ్మ నిట్టూర్చి చిన్నకోడలి వైపు తిరిగింది. "మీ చేతులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఆ నీలం డబ్బా అవతల పారేశారా?"

పెద్దకోడలు చటుక్కున తలెత్తింది. "ఏం డబ్బా?"

"అదేనండీ, ఆ సువాసన క్రీము. ఈవిడ చేతులు పాడుచేసింది అదే. అప్పుడు అచ్చం మీ చేతుల్లాగే ఉండేవి."

చిన్నకోడలు పుస్తకాన్ని తన ముందుకు లాక్కుంది.

"ముట్టుకోవడం మానేశానండీ. పారేస్తే ఆయన నొచ్చుకుంటారని అద్దం ముందే ఉంచాను. వింతేమిటంటే, నేను పూసుకోకపోయినా అది రోజూ తరుగుతూనే ఉంది." కలం మూత తీసి, పెద్దకోడలి వైపు తిరిగింది. "ఇంకేమైనా, అక్కా?"