చిప్ప కోత

"సీసా పెంకు గుచ్చుకుంటే కాలు ఇట్లా వాచదు మెల్చోర్. నిజం చెప్పు, ఎక్కడ తెగింది?"

ఆరోగ్య కార్యకర్త నెనితా అలా అడగడం అది మూడోసారి. మెల్చోర్ చాప మీద వెల్లకిలా పడుకుని ఇంటికప్పు కేసి చూస్తున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. నిన్న తెల్లవారుతూండగా తెగిన అరికాలు ఈ పొద్దుటికి చీలమండ దాకా ఉబ్బి, చుట్టూ ఊదారంగు బొబ్బలు లేచాయి.

"చెప్పాను కదక్కా, పెరట్లోనని. సీసా పెంకే."

"మన పెరట్లో సీసా పెంకులెక్కడివి?" అంది భార్య దెలియా. "నువ్వు తాగి పారేసిన సీసాలన్నీ ఎప్పటికప్పుడు నేనే ఏరుతున్నానుగా!"

నెనితా నవ్వలేదు. గాయంలో కుక్కి ఉన్న పొగాకు ముద్దను లాగి అవతల పారేసింది.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే. రక్తం ఆగుతుందని."

"రక్తం ఆగింది. మురికి లోపలే ఉండిపోయింది."

కాచి చల్లార్చిన నీళ్ళు ధారగా పోసి, సబ్బు నురగతో గాయాన్ని తోమింది. మెల్చోర్ పళ్ళు బిగించాడు. ఆమె పెన్ను తీసి, ఎరుపు ఎంతవరకు పాకిందో అక్కడ కాలి మీద గీత గీసింది.

"ఎలా ఉంది?" అని గుమ్మంలోంచి ఎవరో అడిగారు.

లాగ్రింగ్ పిన్ని. ఉప్పుటేట్లో మెల్చోర్ ఆలుచిప్పల మడిని ఆనుకునే ఆవిడ మడి. ఊళ్ళో మోటారు పడవ ఉన్నది ఆవిడకొక్కదానికే. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తుందేమోనని దెలియానే పరుగున వెళ్ళి పిలుచుకొచ్చింది. ఆవిడ గొంతు వినగానే మెల్చోర్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అరగంట కాకుండానే ఎరుపు ఆ గీతని దాటి బెత్తెడు పైకి పాకింది. నెనితా లేచి నిలబడింది.

"ఇక నావల్ల కాదు, పడవెక్కాల్సిందే. కానీ ఒకటి విను. ఇనుమో గాజో గీరుకుంటే ఒక మందు, ఉప్పునీళ్ళలో చిప్ప కోస్తే ఇంకో మందు. డాక్టరు ముందడిగే మాట అదే. నువ్వు అబద్ధం చెబితే ఆయన తప్పు మందిస్తాడు. రేపు నీ కాలు తీసేస్తారు, ఎల్లుండి నిన్నే తీసుకుపోతారు."

"చిప్ప ఎలా కోస్తుందక్కా?" అంది దెలియా. "ఈయన బూట్లు లేకుండా మడిలో కాలు పెట్టడు. బూట్లేసుకోండర్రా అని ఊరందరికీ చెప్పేదే ఈయన."

నెనితా అడిగిన మూడుసార్లకీ తట్టుకున్నవాడు ఈ మాటకి తట్టుకోలేకపోయాడు.

"చిప్పే," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "బూట్లేసుకోలేదు. బురదలో చప్పుడు చేస్తాయని."

"చప్పుడైతే ఏం?" దెలియాకి అర్థం కాలేదు. "మన మడిలో మనం దిగడానికి ఎవరికి భయం?"

"మన మడి కాదే."

మెల్చోర్ గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"పిన్ని మడి. రెండు బుట్టలు తీశాను. మన మడిలో పాతిన గుంజలకి చిప్పలేమీ పట్టలేదు, నీకేం చెప్పాలో తోచలేదు."

దెలియా రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా! నిన్న పిన్నికి కూడా ఒక గిన్నెడు వండి ఇచ్చానే! మా చిప్పలు ఈసారి ఎంత బలిశాయో చూడు పిన్నీ అని కూడా అన్నానే!"

మెల్చోర్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఈ క్షణాన కాలు తీసేసినా ఫరవాలేదు, కళ్ళు మాత్రం తెరవకూడదనిపించింది. గుమ్మంలోంచి తిట్టు ఒక్కటైనా రాలేదు. అడుగుల చప్పుడు మాత్రం ఏటి వైపు వెళ్ళిపోయింది.

"వెళ్ళిపోయింది," అంది దెలియా ఏడుపు గొంతుతో. "ఇక పడవెక్కడిది మనకి? ఏ మొహం పెట్టుకుని అడగను?"

కాసేపటికి ఏటి వైపునుంచి మోటారు మోత వినిపించింది. దాని మీదుగా లాగ్రింగ్ పిన్ని కేక:

"ఏం, ఇంకా అక్కడే కూర్చున్నారా? పోటు తగ్గితే పడవ బురదలో దిగబడుతుంది. మోసుకురండి!"

దారి పొడుగునా ఆవిడ చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. ఆ తీరు మెల్చోర్‌కి గాయం కన్నా ఎక్కువ సలిపింది.

"పిన్నీ, నా మడి మళ్ళీ పట్టగానే రెండుకి నాలుగు బుట్టలు..."

"మాట్లాడకు. కాలు దిండు మీద పెట్టుకో."

"ఊళ్ళో చెప్పు పిన్నీ. నలుగురిలో నిలబెట్టి తిట్టు. నాకు అదే మేలు."

ఆవిడ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. ఏటి గాలికేమో అనుకున్నాడు మెల్చోర్. తన మొహం చూడటానికి కూడా ఇష్టపడటం లేదని తలదించుకున్నాడు.

ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి తలెత్తింది. "ఏమైంది? ఎక్కడ తెగింది?"

మెల్చోర్ నోరు తెరిచాడు. పిన్ని కేసి ఒకసారి చూశాడు. దెలియా నేల చూపులు చూస్తోంది. నెనితా ఏదో చెప్పబోయేంతలో లాగ్రింగ్ పిన్ని బల్ల మీద కూలబడి, తన కుడికాలి బూటు లాగి పక్కన పెట్టింది. పాదానికి చుట్టిన గుడ్డ రక్తంతో అట్టకట్టి ఉంది.

"రెండు చీటీలు రాయమ్మా," అంది తలెత్తకుండా. "అతని కాలు నా మడిలో తెగింది. నాది అతని మడిలో."