మెట్లు లేని ఇల్లు

"దుప్పటి మంచిగ కప్పుకో బిడ్డా. కాళ్లు కనవడొద్దు," అన్నడు దశరథ, ఆటో ఆపుకుంట.

వెనక సీట్ల జ్యోతిక దుప్పటి గుంజుకున్నది. పన్నెండేండ్ల పిల్ల. పుట్టినకాడ్నుంచి నడక లేదు.

"ఎవరన్న అడిగితే ఏమనాలె నాయినా?"

"నాయినా అనకు. పెద్దనాయినా అను. నువ్వు మా తమ్ముని బిడ్డవు. యాదుంచుకో."

పక్కన కూసున్న తల్లి రాములమ్మ మొకం అటు తిప్పుకున్నది.

ఏం జేస్తరు చెప్పున్రి? దిల్‌సుఖ్‌నగర్ల ఉన్న ఇల్లు మూడో అంతస్తు. రోజూ పిల్లను వీపు మీద మోసుడే. ఆ ఓనరమ్మేమో పొద్దుగాల లేస్తనే ఈ పిల్ల మొకం చూడాల్నా అని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నది. తిరిగిన ప్రతి ఇంటికాడ గదే కథ. పిల్లను చూసుడు, "మా సారును అడిగి చెప్తం" అనుడు. అందుకే ఈసారి మన్సూరాబాద్‌కు వొచ్చేటప్పుడు దశరథ గట్టిగ అనుకున్నడు, పిల్ల సంగతే ఎత్తొద్దని.

ఇంకో భయం గూడ ఉండె. ఓనర్లు ఆంధ్రోళ్లు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులాయె. ఆటోకున్న జెండా తీసి సీటు కింద పెట్టిండు. అద్దం మీది జై తెలంగాణ స్టిక్కరు మాత్రం ఎంత గోకినా రాలే.

జ్యోతికను ఆటోలనే ఉంచి మొగడు పెండ్లాలు లోపలికి పోయిన్రు.

"రండి రండి, కింద పోర్షనేనండీ," అన్నది ఓనరమ్మ వేదవతి.

వాకిట్ల మెట్లు లేవు. ఏటవాలుగ సిమెంటు పోసి ఉంది.

"బండి ఎక్కించేతందుకా మేడం?"

"దానికీ పనికొస్తుందండీ."

బాత్రూం తలుపు మస్తు వెడల్పు. లోపల గోడకు ఇనుప రాడ్డు. రాములమ్మ ఆ రాడ్డు పట్టుకొని ఇడవలే. మొగని చెవుల మెల్లగ అన్నది:

"మన పిల్ల దీన్ని పట్టుకొని లేస్తదయ్యా. ఉన్నదున్నట్టు చెప్పేద్దాం."

"సప్పుడు జెయ్యకు. చెప్తే ఇది గూడ పోతది."

"ఇది మా మృదుల గదండీ," అన్నది వేదవతి.

"పెండ్లి అయ్యిందా మేడం అమ్మాయికి?"

ఆమె కిటికీ తెరిచే పనిల పడ్డది. జరసేపటికి అడిగింది. "మీకు పిల్లలున్నారా అండీ?"

"లేరు మేడం," అన్నడు దశరథ. "మేమిద్దరమే. గలీజుండది, లొల్లుండది."

"లేరా..." అని ఆగిపోయింది ఆమె.

సాగనంపనీకి గేటు దాక వొచ్చింది. అప్పుడే గాలికి దుప్పటి జారింది. సన్నని కాళ్లు, వాటికి ఇనుప పట్టీలు. వేదవతి గబగబ ఆటో కాడికి పోయింది.

"ఈ పాప ఎవరండీ?"

దశరథ ఉరికొచ్చి దుప్పటి మళ్ల కప్పిండు. "మా తమ్ముని బిడ్డ మేడం. రేపే ఊరికి పంపిస్తం. మీ ఇంటి దిక్కు గూడ రాదు."

"అవునా తల్లీ?" అని వంగి పిల్లనే అడిగింది ఆమె.

జ్యోతిక నాయిన దిక్కు చూసింది. "పెద్దనాయినా, పోదామా?" అన్నది.

వేదవతి లేచి నిలబడ్డది. "ఏమనుకోకండి," అన్నది ఆఖరికి. "ఇల్లు ఇవ్వలేమండీ."

ఎల్బీనగర్ చౌరస్తా దాటెదాక దశరథ తిడుతనే ఉన్నడు. "స్టిక్కరు చూసింది. తెలంగాణోళ్లమని ఇయ్యలే. మనుషుల మీద గింత పగనా?"

రాములమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది.

"నాయినా," అన్నది జ్యోతిక వెనకనుంచి. "నేను మంచిగనే చెప్పిన గదా?"

అక్కడ వేదవతి టు-లెట్ బోర్డు మళ్ల గేటుకు కడుతున్నది. మీదికెల్లి మొగడు శ్రీరామమూర్తి దిగొచ్చిండు.

"ఏమైంది వేదా, వాళ్లకి ఇల్లు నచ్చలేదా?"

"నచ్చింది. కానీ ఆటోలో ఉన్న పాప వాళ్ల పాప కాదట," అనుకుంట ఆమె ముడి బిగించింది.

"తనలా నడవలేని బిడ్డకే ఈ ఇల్లు ఇస్తామని, చనిపోయేముందు మన మృదులకి మాటిచ్చాం కదండీ."