మావగారి చేతికి పని

“మావయ్యగారూ, డిష్‌వాషర్లో మళ్ళీ నీళ్ళు దిగట్లేదు,” అన్నాను.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ పైపులు బాగుచేసిన ప్లంబరు. రిటైరైన దగ్గర్నుంచి నన్ను బాగుచేస్తున్నారు. నేను తలుపు వేసే పద్ధతి కూడా తప్పేనట.

మెషిన్ ముందు బోర్లా పడుకుని, అడుగున నిలిచిన మురికినీళ్ళు గ్లాసుతో తోడారు. ఫిల్టర్ ఊడదీసి లోపలికి చెయ్యి పెట్టారు. “దీన్ని చేసినవాడికి బుర్ర లేదు!” అని ఆ కనిపించని వాణ్ణి తిడుతూనే ఉన్నారు. నేను హాల్లో కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాను. నా చెవులకు వారానికి ఈ ఒక్కపూటే సెలవు.

కాసేపటికి గడగడమని నీళ్ళు దిగిపోయాయి. మావగారు వచ్చి నా కప్పు పక్కన నలిగిన నిమ్మతొక్క పెట్టారు.

నాకు పొలమారింది. పోయిన వారమూ అడ్డం పడింది నిమ్మతొక్కే. అంతకు ముందు వారమూ అదే. పెట్టింది నేనే.

“అదెలా పడిందో...” అని నసిగాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించారు.

“ఈసారి ఇంకాస్త లోపలికి తొయ్యమ్మా. పావుగంటలో దొరికిపోతే మిగతా రోజంతా నాకెలా గడుస్తుంది?”