కదపకూడని పెట్టె

“అత్తొచ్చేదాకా ఆగవా? ఆవిడికి సెప్పకుండా ఇల్లు ఇడిసెల్లిపోతే ఏటనుకుంటాది?”

నెల బిడ్డను గుండెకి అదుముకుని శాంతి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అనుకోనీ. పాతపట్నం సంతకి ఎండుసేపలు పట్టుకెల్లిన మనిషి ఎప్పుడొస్తాదో ఏటో! అంతదాకా పిల్లోడు ఈ గాలే పీల్సాలేటి?” ఆమె భర్త రాబర్ట్ ట్రంకుపెట్టె బయటికి ఈడ్చాడు. “తన్మయీ, ఆ కాయితం మల్లీ సదువు.”

పక్కింటి తన్మయి తొమ్మిదో తరగతి. నేలలోంచి, గోడల్లోంచి ఊరుతూ వచ్చి గదుల్లో పోగయ్యే, ఊపిరితిత్తులను పాడుచేసే రేడాన్ వాయువును కొలవడానికి వాళ్ల బడి, పోర్చుగల్‌లో ఒక బడి, జపాన్‌లో ఒక బడి కలిసి పనిచేస్తున్నాయి. అరచేతిలో పట్టే నల్లపెట్టెను పడుకునే గదిలో మూడు నెలలు వేలాడదీయాలి. కదపకూడదు. ఈ వీధిలో ఆరిళ్లకు తన్మయే నీలం వలతాడుతో కట్టి ఇచ్చింది.

“మూడు వందలు దాటకూడదు. మీ ఇంటిది తొమ్మిది వందల పది.”

“మిగతా ఇళ్లయి?”

“అన్నీ వంద లోపే అన్నా.”

“సూసినావా? మా నాన్న దగ్గి దగ్గి పోనాడు. ఎందుకో ఇన్నాళ్లకి తెలిసింది.”

“ఉదయభాస్కర్ మాస్టారు ముందు కిటికీలు తెరిచి ఉంచమన్నారు. ఇంకోసారి కొలుద్దామన్నారు.”

“కొలుసుకుంటా కూకుంటే పిల్లోడేటవుతాడు?”

తన్మయి కాగితం మడిచింది. శనివారం బడిలో తెర మీద పోర్చుగల్ పిల్లలతో మాట్లాడారు. మూడు దేశాల లెక్కల్లో అన్నిటికన్నా పెద్ద అంకె తనదేనని మాస్టారు చెప్పగానే ఒక్క క్షణం గర్వపడింది. అవతల ఒకమ్మాయి ఏదో అడిగింది. ఆ ఇంట్లో ఎవరుంటారని అడుగుతోంది, అన్నారు మాస్టారు. నెల బిడ్డ ఉన్నాడని తన్మయి చెప్పింది. తెర మీద ముఖాలన్నీ చిన్నబోయాయి.

“పెట్టె కదపలేదు కదా?” అని మాస్టారు రెండుసార్లు అడిగారు.

“లేదు సార్” అంది తన్మయి. ఫారంలో కూడా అదే రాసింది. నిజానికి రాబర్ట్ తల్లి ఎలీసమ్మను అడగలేదు. పెట్టె తీసుకోవడానికి వెళ్లినప్పుడు దానికి నీలం తాడు లేదు, గోనె దారం ఉంది. ఉప్పుగాలికి తాడు తెగిపోయి ఉంటుందిలే అనుకుంది.

“ఇంతకీ ఎక్కడికెల్తాం?” శాంతి అడిగింది.

“తుఫాను షెల్టర్‌కి. మేడ మీద పక్క గది ఖాళీయే. ఊడ్సేది అమ్మే కదా, తాళం మనింట్లోనే ఉంది. సర్పంచి సరే అన్నాడు. అంత పెద్ద తుఫానుకే సెక్కుసెదరని బిల్డింగు, అంతకన్నా గట్టి సోటు ఎక్కడ దొరుకుతాది?”

సాయంత్రానికల్లా చేరిపోయారు. సామాను మోయడానికి తన్మయి కూడా వెళ్లింది. తాళం తీస్తే లోపల నెలల నాటి ఉక్కపోత. శాంతి ఓరగా ఉన్న కిటికీ తెరిచి, దాని కింద బిడ్డ మంచం వేసింది. సముద్రం వైపు నుంచి జల్లు మొదలైంది.

“బేగి కిటికీ ముయ్యే తల్లీ, పిల్లోడికి గాలి కొడతాది” అంది శాంతి.

తన్మయి మూయబోతే రెక్క పట్టలేదు. కిటికీ ఊచకు ముడేసి ఉన్న తాడుముక్క ఒకటి అడ్డొస్తోంది. విప్పి కింద పడేసి, రెక్క బిగించి గడియ పెట్టింది.

తర్వాత వాన వదల్లేదు. కిటికీ తెరిచే పనే పడలేదు. ఈలోగా రాబర్ట్ మనుషుల్ని పెట్టి ఇంటి గచ్చంతా తవ్వించేశాడు.

ఆరో రోజు ఎలీసమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని షెల్టర్ మెట్లెక్కి వచ్చింది. చీర కుచ్చెళ్లు బురద.

“నా ఇంటి గచ్చు ఎవుడు తవ్వినాడ్రా? మీ నాన్న సేతుల్తో ఏసిన గచ్చు!”

“నానే తవ్వించినాను. ఆ ఇంట్లో ఇసం ఉన్నాదమ్మా. తన్మయి ఇచ్చిన పెట్టెలో తేలింది.”

“ఏ పెట్టి? ఆ నల్లదా?” ఎలీసమ్మ గంప దింపింది. “కడుపుతో ఉన్న పిల్ల పడుకునే గదిలో ఆ మాయదారి పెట్టి ఉంచుతానేటి? ఈ గుంట ఇచ్చెల్లిన రోజే తీసీసినాను.”

బిడ్డను చూడటానికి వచ్చిన తన్మయి ముందుకొచ్చింది. “నేనొచ్చినప్పుడు మీ గోడకే ఉంది కదా మామ్మా?”

“నువ్వొస్తావని ముందు రోజు తెచ్చి తగిలించినాను. అంత ఆశగా ఇచ్చినావు, సిన్నబుచ్చుకుంటావని.”

“మూడు నెల్లూ ఎక్కడెట్టినావే?” రాబర్ట్ అరిచాడు.

అరుపుకి బిడ్డ ఉలిక్కిపడి లేచాడు. ఎలీసమ్మ వాణ్ని ఎత్తుకుని, జో కొడుతూ, మంచం మీది కిటికీ వైపు గడ్డం చూపించింది.

“మనుసులెవరూ ఉండని సోటు కదా అని ఈ ఊసకే కట్టినాన్రా.”