పంపు మీద ఎర్ర గీత

"మళ్లీ వచ్చినవా?" అన్నాడు డేవిడ్. మెకానిక్ అన్నవాడు ముందు బండిని చూడాలి. అతను మాత్రం భద్రు ముఖాన్నే చూస్తున్నాడు.

భద్రు పికప్ దిగి బానెట్ ఎత్తాడు. పెన్‌పహాడ్ దగ్గరి తండా అతనిది. ఇరవై ఏళ్ల నాటి ఈ డీజిల్ బండి మీదే కోతల కాలమంతా మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతాడు. ఆ నెలన్నర బండి నడిస్తేనే ఏడాదంతా ఇల్లు నడుస్తుంది.

"సప్పుడు పోలేదన్నా. టకటక కొడ్తనే ఉంది. టైమింగ్ కూసోలేదు," అన్నాడు. అతనిది పొలం గట్టు మీంచి పిలిచినట్టుండే గొంతు. "సోమవారం సంది కోతలు. గిట్లనే లోడెత్తితే పిస్టన్ పోతది, ఇగ నా సీజన్ ఖతం."

"ఇది మూడోసారి."

"పొద్దుగాల్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసిన. నువ్వు ఎత్తలే."

డేవిడ్ జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్న మాట నిజమే. కానీ ఫోను జేబులోనే ఉంది, ఒక్కసారీ మోగలేదు. రింగు మోగకముందే కట్ చేస్తే, ఫోన్ చేశానని చెప్పుకోవడానికి సాక్ష్యం దొరుకుతుంది. అంత తెలివి భద్రుకు లేదు. ఎవరికుందో డేవిడ్‌కు తెలుసు.

కార్తీక్‌కు. తన దగ్గరే పని నేర్చుకుని, కోదాడ బైపాస్ మీద కంప్యూటర్ పెట్టి షెడ్డు తెరిచిన కార్తీక్‌కు.

డేవిడ్‌కు కంప్యూటర్ అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాడు. ఇంజన్‌లోకి డీజిల్ సరైన క్షణంలో పడేలా టైమింగ్ పెట్టాలంటే, డీజిల్ పంపు బోల్టులు వదులు చేసి, పంపును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి, చప్పుడు మెత్తబడిన చోట బిగిస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. అతని బోర్డు మీద పేరు కన్నా పెద్దగా ఒక చెవి బొమ్మ ఉంటుంది. ఆ చెవికి మచ్చ తెస్తే లాభం కార్తీక్‌కే కదా.

అసలు ఈ మధ్య జనం తీరే బాగాలేదు. తను దగ్గరికి రాగానే అందరూ గొంతు తగ్గిస్తున్నారు. ఎదురుగా టీ కొట్టులో గుసగుసలు. ఇంట్లో భార్య భాగ్య కూడా చెల్లెలితో ఫోన్లో గొణుగుడే. అందరూ కలిసి ఏదో దాస్తున్నారని డేవిడ్ గట్టి నమ్మకం.

అందుకే రెండోసారి ఈ బండి వచ్చినప్పుడు తనూ ఒక తెలివి చూపించాడు. టైమింగ్ పెట్టి బిగించాక, భద్రు టీకి వెళ్లడం చూసి, పంపునూ ఇంజన్‌నూ కలుపుతూ ఎర్ర రంగుతో సన్నటి గీత గీశాడు. పంపును ఎవరు కదిపినా గీత రెండు ముక్కలవుతుంది.

ఇప్పుడు వంగి, టార్చి వేసి చూశాడు. గీత చెక్కుచెదరలేదు.

డేవిడ్‌కు లోలోపల గంతెయ్యాలనిపించింది. గీత కదలలేదంటే ఎవరూ ముట్టలేదు. తను పెట్టిన టైమింగ్ పెట్టినట్టే ఉంది. మరి చప్పుడు ఎక్కణ్నుంచి వస్తుంది? అబద్ధం!

"భద్రూ, నిజం చెప్పు. కార్తీక్ దగ్గరికి పోయినవా లేదా?"

భద్రు తల దించుకుని ఏదో అన్నాడు.

"గట్టిగ చెప్పవయ్యా, ఆ నసుగుడు ఏంది?"

"పోయిన!" అన్నాడు భద్రు. "బండి సుత ముట్టలేదు. మా గురువు పెట్టిన టైమింగ్ మీద నేను చెయ్యి పెట్టనన్నడు. మల్ల మీ కాడికే పొమ్మన్నడు."

చూశారా వినయం! పంపించిందే వాడన్నమాట.

"నీ మీద కోపంతోటి చెప్తలేనన్నా," అన్నాడు భద్రు. "నువ్వు ముట్టినప్పుడల్లా సప్పుడు ఇంకింత ఎక్కువైతుంది. మొదాలు లోడు మీదనే కొట్టేది. ఇప్పుడు నిలబెట్టినా కొడ్తుంది."

ఆ మాటతో డేవిడ్‌కు ఒళ్లు మండిపోయింది. నడిరోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"అందరూ వినండి! ఈ బండిల చప్పుడు ఉందని తేలితే నా బోర్డు ఇప్పుడే దించేస్తా. లేదంటే ఈయన ఈడనే నిలబడి తప్పు ఒప్పుకోవాలె. ఆండాలక్కా, నువ్వే సాక్షి!"

టీ కొట్టు ఆండాలు కూడా ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. చెవి పక్కన లారీ హారన్ కొట్టినా ఆమె చేతిలో చాయ తొణకదు. డేవిడ్ ఊరెళితే షాపు తాళాలు ఆమె దగ్గరే. అతని మీద ఈగ వాలనివ్వదు.

"పంతం వద్దు తమ్మీ," అని అరిచిందామె. "వచ్చి చాయ తాగు."

ఆమె కూడా భయపడుతోందని తోచేసరికి డేవిడ్ పట్టుదల మరింత పెరిగింది.

"స్టార్ట్ చెయ్ భద్రూ. రేస్ ఇయ్యి!"

ఇంజన్ అందుకుంది. డేవిడ్ స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి గురకలా, మెత్తటి గుర్రు ఒక్కటే తలలోకి దిగింది. టక అన్న మాటే లేదు.

"ఇంకా రేస్ ఇయ్యి! ఇంకా!"

గుర్రు పెరిగింది, అంతే. ఎంత వెతికినా ఇంకేమీ లేదు. ముప్పై ఏళ్ల విద్య తనకు ద్రోహం చెయ్యలేదు. ఆ సంతోషంతో అతని కళ్లు చెమర్చాయి. నవ్వుతూ కళ్లు తెరిచి, గర్వంగా తన సాక్షి వైపు చూశాడు.

ఆండాలు రెండు చెవులూ మూసుకుని ఉంది.