ఒక్క టేక్ ఆర్టిస్టు

నటుడిగా పేరు తెచ్చుకుని, డైరెక్టరై, ఈ సినిమాతో నిర్మాత కూడా అయిన మలయాళీ సారు దోహాలో షూటింగ్ పెట్టాడు. ఇప్పుడు సొంత డబ్బాయె, కూలీ వేషానికి ఆర్టిస్టును తెప్పించలేదు. పక్క సైటులో కనబడ్డ ముత్యం అనే తెలుగువాణ్ణి పిలిచాడు.

ముత్యం సిమెంటు బస్తా మోశాడు. మొదటి టేకే ఓకే.

"క్యా యాక్టింగ్ హై, భాయ్!" తెల్లచొక్కాకు సిమెంటు అంటుతున్నా సారు వాటేసుకున్నాడు.

సినిమా తెలుగులోనూ విడుదలైంది. ముత్యం డ్యూటీలో ఉండగా, ఇయర్‌ఫోన్‌లో ఊరి నుంచి భార్య శోభ.

"ఏమయ్యా, అచ్చం కూలోని లెక్కనే చేసినవ్! దోహాల ఏసీ ఆఫీసుల కూసుండే సూపర్‌వైజర్‌వి, బస్తా మోసుడు ఎట్ల వచ్చె నీకు?"

ముత్యం భుజం మీది బస్తాను చప్పుడు కాకుండా దించాడు.

"నాదేమున్నదే శోభా! అంత డైరెక్టర్ గొప్పతనం."