వ్యాగన్ మీద గొడుగు

పట్టకారు కొసన అంటుకున్న ఏడంకె నువ్వుగింజలో సగం కూడా లేదు.

దాన్ని అరచేతిలో ఇమిడే వ్యాగన్ తలుపు పక్కన ఆనించి, ఊపిరి బిగబట్టి, తడి బ్రష్షుతో మెల్లగా ఒత్తాడు.

కట్టుడుపళ్లు చేయడం అతని వృత్తి. బొగ్గింజన్ల నాటి గూడ్సు వ్యాగన్లను చిన్నవిగా, అచ్చం అలాగే తయారు చేయడం అతని పిచ్చి. నంబరు, ఖాళీ బరువు, చివరిసారి రంగు వేసిన తేదీ, అన్నీ పాత ఫోటోలో ఎక్కడుంటే ఇక్కడా అక్కడే ఉండాలి.

అందుకే ఇంటాబయటా అందరూ అతన్ని మిల్లీమీటర్ అంటారు.

"నా మొహం ఎప్పుడైనా ఇంత పరీక్షగా చూశారా?" అంటుంది భార్య.

ఈ వ్యాగన్ మాత్రం మూడు వారాలుగా అతన్ని తిప్పలు పెడుతోంది.

ఫోటోలో, నంబరు కింద, సుద్దముక్కతో గీసిన గుర్తొకటి ఉంది. వ్యాగన్ ఎటు పోవాలో, దేన్ని మరమ్మతుకు పంపాలో యార్డు గుమస్తాలు అలా సుద్దతో రాసేవాళ్లు. ఆ గుర్తులన్నీ అతనికి కంఠతా వచ్చు. ఇది వాటిలో లేదు.

అర్థం తెలియని గుర్తు గీయడం అతని వల్ల కాదు. గీయకుండా వదిలేయడం అంతకన్నా కాదు.

ఆదివారం మేనత్తను రమ్మన్నాడు. ఎనభైకి రెండేళ్లు తక్కువ ఆమెకి. పెళ్లికి ముందు రైలు యార్డులో ఉద్యోగం చేసింది. వచ్చిన ప్రతి గూడ్సు వెంట నడుస్తూ వ్యాగన్ల నంబర్లు రాసుకునేది.

వెంట మావయ్య కూడా వచ్చాడు. ముందుగదిలో పేపరు తెరిచి, తెరిచినవాడు తెరిచినట్టే నిద్రపోయాడు.

మిల్లీమీటర్ ఫోటో బల్ల మీద పెట్టి, భూతద్దం అందించాడు.

"ఈ గుర్తేంటో చెప్పత్తా. బ్రేకు పాడైందనా?"

అత్త చాలాసేపు భూతద్దం దించలేదు.

"గొడుగురా," అంది.

"గొడుగా?"

"రైలు దారిలో మాకు పైనున్న యార్డులో ఎవడో గీసేవాడు. వాన ముందు అక్కడ పడి, తర్వాత మా వైపొచ్చేది. అక్కడ మబ్బు పట్టగానే మాకొచ్చే బండి మీద గొడుగు గీసి వదిలేవాడు. బండి వాన కంటే ముందొచ్చేది. నేను కోటు తొడుక్కుని యార్డులోకి దిగేదాన్ని. అందరూ తడిసి ముద్దయ్యేవాళ్లు, నేను దొరసానిలా ఇంటికెళ్లేదాన్ని."

"ఎవరతను?"

"చూస్తేగా! మూడు వానాకాలాలు గీశాడు. తర్వాత ఆగిపోయింది." ఫోటో మీద వేలు పెట్టింది. "ఇరవై అయిదేళ్ల కుర్రాడనుకున్నా. ఉంగరాల జుట్టు, నవ్వితే బుగ్గన సొట్ట. అన్నీ నేనే ఇచ్చుకున్నాలే. ఆ ధ్యాసలో రెండు మంచి సంబంధాలు తోసిపారేశాను."

ముందుగదిలో గురక ఆగింది.

మిల్లీమీటర్ కంగారుగా గుమ్మం వైపు చూశాడు.

"నీకెందుకురా భయం? మీ మావయ్యకి అప్పుడే చెప్పాను. అంతా విని, మర్నాడు నాకో పెద్ద గొడుగు కొనుక్కొచ్చాడు."

గురక మళ్లీ మొదలైంది.

బల్ల మీదున్నది ఫోటోలో కొంత భాగమే. వ్యాగన్ వరకే కత్తిరించి పెద్దది చేయించుకున్నాడు. పూర్తి ఫోటో సొరుగులో ఉంది. దాని చివర ఒక మనిషి ఉన్నాడు, వేళ్ల మధ్య సుద్దముక్కతో.

ఒక్క బోల్టు తగ్గినా ఊరుకోని మిల్లీమీటర్‌కి, ఆ సొరుగు తెరవడానికి చెయ్యి రాలేదు.

"ఏంట్రా ఆ సొరుగు వైపే చూస్తున్నావు? ఏం దాస్తున్నావ్?"

తీసి ఇచ్చాడు.

ఆ మనిషికి అరవై దగ్గర పడ్డాయి. బట్టతల. పొట్ట దగ్గర చొక్కాకి ఒక గుండీ లేదు. విరిగిన కళ్లజోడు కాడని దారంతో కట్టుకున్నాడు.

అత్త చూసింది. భూతద్దంలోంచి మళ్లీ చూసింది.

పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ల వెంట నీళ్లొచ్చాయి. భార్య వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"మా నాన్న వయసుందే అమ్మాయ్! పైగా ఆ పొట్ట!"

నవ్వు తగ్గాక, మళ్లీ భూతద్దం తీసుకుంది. ఈసారి మొహం చూడలేదు. భుజాలు చూసింది. చొక్కా మీద అప్పుడే పడిన చినుకుల మచ్చలు.

"తడుస్తున్నారురా," అంది.



మిల్లీమీటర్ తెల్ల పెన్సిలు సూదిలా చెక్కి, వ్యాగన్ మీద గొడుగు గీయబోయాడు.

"చెయ్యెత్తకు. ఆయన ఒక్క గీతలోనే గీసేవారు. పిడి ఎడమకి తిప్పేవారు."

రెండుసార్లు చెడింది. రెండుసార్లూ తుడిచాడు. మూడోసారి అత్త, "ఆఁ, అదీ," అంది.

వ్యాగన్‌ని అరచేతిలోకి తీసుకుని మురిపెంగా చూసుకుంది. ఇటు తిప్పింది. అటు తిప్పింది.

"రెండోవైపు బోడిగా ఉందేంట్రా?"

"అటు ఫోటో దొరకలేదత్తా. ఏముండేదో చెప్పేవాళ్లు లేరు."

అత్త ఆ బోడివైపు వేలితో నిమిరింది.

"ఖాళీ వ్యాగన్లు తిరిగి ఆ పై యార్డుకెళ్లేటప్పుడు, ఇటువైపు నేను రాసేదాన్ని."

ఏం రాసేదానివని అతను అడగలేదు.

పెన్సిలు మళ్లీ చెక్కి ఆమె చేతికిచ్చి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.